బడి కిటికీ తెరిస్తే సగం మందు

వికారాబాద్‌ చలి సంగతి హైదరాబాద్‌ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నగరంలో ఇంకా ఫ్యాన్లు తిరుగుతుండగానే అనంతగిరి చుట్టుపక్కల ఊళ్లలో స్వెట్టర్లు, మంకీ క్యాపులు పెట్టెల్లోంచి బయటికొస్తాయి. మర్పల్లి లాంటి చోట్ల కొన్నేళ్లు పాదరసం 10 డిగ్రీల కిందికీ దిగింది. తాండూరు వైపు వెళ్తే చలికి తోడు దుమ్ము. బండల లారీలు, సిమెంటు లారీలు వెళ్లిన దారి పొడవునా చెట్ల ఆకులు కూడా తెల్లగానే కనిపిస్తాయి.

ఈ రెండు ఊళ్ల బడుల్లోనూ ఆ నెలల్లో ఒకటే సంగీతం. టీచర్‌ హాజరు పిలుస్తుంటే సగం మంది ‘ప్రెజెంట్‌’ అనే లోపే దగ్గొచ్చేస్తుంది. ముందు బెంచీలో మొదలైన తుమ్ము వారం తిరిగేసరికి చివరి బెంచీకి చేరుతుంది. అక్కడి నుంచి ఇంట్లో ఉన్న చంటి తమ్ముడికి, నానమ్మకు!

అమ్మ ముందున్న ప్రశ్న మాత్రం ఏటా అదే. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది... ఇవాళ బడికి పంపాలా, వద్దా? పంపకపోతే పాఠాలు పోతాయి. తను కూలి మానుకుని ఇంట్లో ఉండాలి. పంపితే ఆ పిల్లాడు ఎంతమందికి అంటిస్తాడో తెలియదు. ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ ఊరి ఆరోగ్యమంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

శానిటోరియం చెప్పే పాఠం

మూసీ నది పుట్టిన అనంతగిరి కొండల మీద నిజాం కాలంలో క్షయ రోగుల కోసం శానిటోరియం కట్టారు. ఆ కొండనే ఎందుకు ఎంచుకున్నారు? అప్పటికి క్షయకు సరైన మందు లేదు. ఉన్న వైద్యమల్లా మంచి గాలి, ఎండ, తిండి, విశ్రాంతి. అందుకే అలాంటి ఆస్పత్రులను ఊరికి దూరంగా, చెట్ల మధ్య, గాలి బాగా ఆడేలా కట్టేవారు. ‘గాలి మార్పు’ అనే మాట మన ఇళ్లలో ఇప్పటికీ వినిపించడానికి ఆ రోజులూ ఒక కారణమే.

తర్వాత మందులొచ్చాయి. 1940లలో స్ట్రెప్టోమైసిన్‌, 1952లో ఐసోనయజిడ్‌. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. శానిటోరియంలో ఉంచి వైద్యం చేసిన వారికి, ఇరుకు ఇళ్లలోనే ఉంటూ మందులు వాడిన వారికి జబ్బు దాదాపు ఒకేలా నయమైందని అక్కడి వైద్యులు 1959లో తేల్చి చెప్పారు. అంటే నయం చేసేది కొండ గాలి కాదు, మందు. దాంతో ప్రపంచమంతటా శానిటోరియాల అవసరం తగ్గిపోయింది.

అయితే గాలిని మరీ తీసిపారేయకండి. దాదాపు అదే కాలంలో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఇంకో ప్రయోగం జరిగింది. క్షయ రోగుల వార్డులోని గాలిని గొట్టాల ద్వారా పైన ఉంచిన గినీ పందుల బోన్లలోకి పంపారు. రోగులను అవి తాకలేదు, చూడలేదు. అయినా వాటికి క్షయ వచ్చింది! జబ్బు గాలిలో ప్రయాణిస్తుందని అలా రుజువైంది. నయం కావడానికి మందు కావాలి. అంటకుండా ఉండటానికి గాలి ఆడాలి. ఈ రెండు ముక్కలూ కలిపి చదివితే మన తరగతి గదికి కావలసిన పాఠం వచ్చేసినట్టే.

నలభై మంది పిల్లలు కూర్చున్న గదిలో చలికి భయపడి తలుపులు, కిటికీలు మూసేశామనుకోండి. ఒకరు వదిలిన గాలినే మిగతా అందరూ పీలుస్తుంటారు. ఒక పిల్లాడికి ఫ్లూ ఉంటే వాడు దగ్గినప్పుడే కాదు, గట్టిగా ఎక్కాలు చదివినా సన్నని తుంపర్లు గాలిలో తేలుతాయి. ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలు తెరిస్తే చాలు, ఆ గాలి బయటికి పోతుంది. మరీ చలిగా ఉంటే పూర్తిగా అక్కర్లేదు, జానెడు తెరిచినా నయమే. పీరియడ్‌ మారేటప్పుడు అయిదు నిమిషాలు బార్లా తెరవండి. పిల్లలకు స్వెట్టర్‌ వేయండి గానీ గదికి స్వెట్టర్‌ వేయకండి!

చలి జలుబు తేదు

‘చల్లగాలికి తిరిగిండు, సర్ది పట్టింది’ అంటుంది నానమ్మ. ఆమెది పూర్తిగా తప్పనలేం, పూర్తిగా ఒప్పూ కాదు. జలుబును, ఫ్లూను తెచ్చేది వైరస్‌. ఆ వైరస్‌ లేకపోతే ఎంత చలిలో తిరిగినా జలుబు రాదు. అయితే చల్లని, పొడి గాలిలో ఫ్లూ వైరస్‌ ఎక్కువసేపు బతుకుతుంది. ముక్కు లోపలి పొర ఎండిపోయి దాని కాపలా బలహీనపడుతుంది. పైగా అందరం తలుపులేసుకుని ఒకచోట చేరతాం. ఈ మూడూ కలిసి చలికి ఆ చెడ్డపేరు తెచ్చాయి.

ఇంకో సంగతి. మన దేశంలో ఫ్లూ ఏటా రెండుసార్లు తల ఎత్తుతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలంలో మరోసారి. మొదటిది సరిగ్గా పదో తరగతి ప్రత్యేక తరగతుల కాలం. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట అదనంగా ఒకే గదిలో పిల్లలు కిక్కిరిసి కూర్చునే కాలం. ఆ క్లాసులను ఎండపొడ తగిలే వరండాలోనో, చెట్టు కిందో పెట్టుకోవడానికి అడ్డేమిటి? మన పాత బడులన్నీ అలా నడిచినవే కదా!

తాండూరు దుమ్ము సంగతి

తాండూరు పేరు చెబితే రెండు గుర్తొస్తాయి. ఒకటి కందిపప్పు. దానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రెండోది నాపరాయి. ఎన్ని ఇళ్లలో ఆ బండల మీద మనం నడవడం లేదు! ఆ బండను తవ్వి, కోసి, నునుపు చేసే క్రమంలో లేచే దుమ్ము, సిమెంటు ఫ్యాక్టరీల లారీలు రేపే దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది.

దుమ్ము వల్ల ఫ్లూ రాదు. కానీ శ్వాసనాళాల గోడలను అది రోజూ గీరుతూ ఉంటుంది. అలా ఒరిసిపోయిన గొంతులోకి వైరస్‌ సులువుగా దిగుతుంది. దిగిన దగ్గు ఒక పట్టాన వదలదు. ఉబ్బసం ఉన్న పిల్లలకైతే ఇది మరీ ప్రమాదం. మామూలు జలుబే దమ్ముగా మారుతుంది.

దుమ్మున్న ఊళ్లలో దగ్గును ‘దుమ్ము దగ్గే’ అని కొట్టిపారేయడం అలవాటైపోతుంది. అక్కడే జాగ్రత్త పడాలి. జ్వరం, ఒళ్లు నొప్పులు ఉంటే అది దుమ్ము కాదు, ఇన్‌ఫెక్షన్‌. రాత్రిపూట, తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు, ఆడితే ఆయాసం ఉంటే ఉబ్బసం కావచ్చు. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే, బరువు తగ్గుతుంటే క్షయ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆ పరీక్ష, మందులు ఉచితం.

బడిలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పొడి చీపురుతో ఊడవడం మానండి. నీళ్లు చిలకరించి ఊడవాలి, లేదా తడిగుడ్డతో తుడవాలి. ఊడ్చే పని పిల్లలకు అప్పగించకండి. నల్లబల్లను తడిగుడ్డతో తుడిస్తే సుద్దపొడి లేవదు. రోడ్డు వైపు కిటికీలు లారీల రద్దీ వేళ మూసి, వెనక వైపువి తెరవండి. చెత్త, ఆకులు ఆవరణలో తగలబెట్టకండి. ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే పొగ బయటికి పోయే దారి చూడండి. ఇక బీడీ, సిగరెట్‌ సంగతి... పిల్లలున్న గదిలో వద్దని నాన్నకు, తాతకు గట్టిగా చెప్పాల్సింది అమ్మే.

పంపాలా? మానిపించాలా?

ఇప్పుడు అమ్మ ప్రశ్నకు వద్దాం. ముక్కు కాస్త కారుతోంది, జ్వరం లేదు, హుషారుగా ఆడుతున్నాడు, తింటున్నాడు... ఇలాంటప్పుడు పంపవచ్చు. జేబులో రుమాలు పెట్టండి. దగ్గొస్తే అరచేతిలో కాదు, మోచేతి మడతలో దగ్గాలని నేర్పండి. మాస్కు కడితే ఇంకా మంచిది.

జ్వరం ఉంటే మాత్రం పంపకండి. పారాసెటమాల్‌ వేసి, ఒళ్లు చల్లబడ్డాక బస్సెక్కించేయడం చాలా ఇళ్లలో జరిగే పని. మందు జ్వరాన్ని దించుతుంది గానీ వైరస్‌ను దించదు. రెండో పీరియడ్‌కల్లా జ్వరం మళ్లీ వస్తుంది. ఈలోగా పక్కవాడికి అంటుకుంటుంది. ఫ్లూ వచ్చిన వాళ్ల నుంచి లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు మొదలై, తర్వాత అయిదు నుంచి ఏడు రోజుల దాకా వైరస్‌ బయటికొస్తుంది. పిల్లల్లో ఇంకాస్త ఎక్కువే. అంతకాలం ఇంట్లో కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు. అందుకే డాక్టర్లు ఒక సులువైన లెక్క చెబుతారు. జ్వరం మందు వేయకుండానే పూర్తిగా 24 గంటలు జ్వరం లేకుండా ఉంటే, పిల్లాడు తేరుకుంటే, అప్పుడు బడికి పంపవచ్చు. దగ్గు ఇంకొన్నాళ్లు ఉన్నా ఫరవాలేదు.

అమ్మానాన్నలు పనికి వెళ్లక తప్పనప్పుడు చాలాచోట్ల జ్వరం పిల్లలను నానమ్మ దగ్గరో, తాత దగ్గరో వదులుతారు. ఫ్లూ పిల్లల కంటే పెద్దవాళ్లను ఎక్కువ కుంగదీస్తుంది. అలాంటప్పుడు పెద్దలకూ మాస్కు ఇవ్వండి. పడకలు వేరుగా వేయండి. ఆ ఇంటి కిటికీ కూడా తెరవండి.

నూరు శాతం హాజరు ఎవరికోసం?

కొన్ని బడుల్లో ఏడాదంతా ఒక్కరోజూ మానని పిల్లలకు బహుమతి ఇస్తారు. మంచి ఉద్దేశమే. కానీ ఆ కప్పు కోసం 102 డిగ్రీల జ్వరంతో వచ్చి డెస్కు మీద తలవాల్చే పిల్లలుంటారు. వాళ్లు ఓర్చుకున్నారని మనం చప్పట్లు కొడతాం. వాళ్ల పక్కన కూర్చుని జబ్బుపడిన నలుగురి సంగతి ఎవరూ లెక్కపెట్టరు.

ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. జ్వరం రోజులను హాజరు లెక్కలోంచి తీసేయండి. మానిన పాఠం ఇంటికి పంపే ఏర్పాటు చేయండి, పక్కింటి పిల్లాడి చేతికి నోట్‌బుక్‌ ఇచ్చి పంపినా చాలు. యూనిట్‌ టెస్ట్‌ మరో రోజు రాసుకోనివ్వండి. ‘మానితే మార్కులు పోతాయి’ అన్న భయం పోతే సగం మంది తల్లిదండ్రులు జ్వరం పిల్లలను వాళ్లంతట వాళ్లే ఇంట్లో ఉంచుతారు. ఒకే క్లాసులో వారంలో ముగ్గురు నలుగురికి జ్వరం వస్తే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒక ఫోన్‌ చేయండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికోసారి బడికి వచ్చినప్పుడు ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లల పేర్లు రాసి పెట్టుకోండి. ఫ్లూ కాలంలో ముందు కనిపెట్టాల్సింది వాళ్లనే.

హాస్టల్‌ పిల్లల మాటేమిటి?

ఇంటికి పంపండి అన్న సలహా గురుకులాల్లో, హాస్టళ్లలో అంత తేలిక కాదు. ఇల్లు ఎక్కడో తండాలో ఉంటుంది. వచ్చి తీసుకెళ్లాలంటే నాన్నకు ఒక రోజు కూలి పోతుంది. అందుకే అక్కడ ఒక గదినైనా జబ్బు పిల్లల కోసం విడిగా ఉంచాలి. గాలి, వెలుతురు ఉన్న గది కావాలి గానీ, స్టోర్‌ రూం కాదు. పడకల మధ్య కనీసం మీటరు దూరం ఉంచండి. వీలుకాకపోతే ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్లు వచ్చేలా పడుకోబెట్టండి. గ్లాసులు, తువ్వాళ్లు ఎవరివి వాళ్లకే ఉండాలి. రాత్రిపూట ఆ గదిలోకి ఎవరో ఒకరు తొంగిచూడాలి. జ్వరం ఎక్కువైన పిల్లాడు చీకట్లో ఎవరినీ లేపలేక అలాగే పడుకుంటాడు. ప్రమాదం జరిగేది అలాంటి రాత్రుల్లోనే.

ఇంటికి ఫోన్‌ చేయడం మాత్రం మర్చిపోవద్దు. పిల్లాడి చేత రెండు మాటలు మాట్లాడించండి. సగం జ్వరం దానికే తగ్గుతుంది!

సూది పడితేనే తగ్గుతుందా?

మన ఊళ్లలో ‘సూది వేస్తేనే జ్వరం దిగుతుంది’ అన్న నమ్మకం గట్టిది. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లడం, సూది, మూడు రకాల గోలీలు... వాటిలో ఒకటి యాంటీబయాటిక్‌ అయి ఉంటుంది. జలుబు, ఫ్లూ వైరస్‌ల మీద యాంటీబయాటిక్‌ పనిచేయదు. ఊరికే వాడితే రేపు నిజంగా న్యుమోనియా వచ్చినప్పుడు అదే మందుకు జబ్బు లొంగకపోవచ్చు. ఫ్లూకు ఒసెల్టామివిర్‌ అనే మందు ఉంది. లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అది అందరికీ అక్కర్లేదు, ఎవరికి కావాలో డాక్టరే చెప్పాలి.

దగ్గు సిరప్‌ల విషయంలో మరింత జాగ్రత్త. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో విష రసాయనం కలిసిన దగ్గు మందు తాగి 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ ఒక సూచన ఇచ్చింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దనీ, అయిదేళ్లలోపు వారికి సాధారణంగా అవసరం లేదనీ దాని సారాంశం. నిజానికి మామూలు దగ్గు దానంతటదే తగ్గుతుంది. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు చెంచాడు తేనె ఇవ్వండి. గోరువెచ్చని నీళ్లు, మిరియాల పాలు, పలుచని చారు గొంతుకు హాయినిస్తాయి. ఆవిరి పట్టేటప్పుడు మరిగే గిన్నె ముందు పిల్లలను కూర్చోబెట్టకండి, అది ఒలికి ఒళ్లు కాలిన పిల్లలెందరో.

జ్వరానికి పారాసెటమాల్‌ చాలు. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్క. అంటే 20 కిలోల పిల్లాడికి ఒక్కసారికి 200 నుంచి 300 మిల్లీగ్రాములు. కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఎడం ఉండాలి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. ఆస్పిరిన్‌ పిల్లలకు ఇవ్వనే వద్దు.

ఇన్‌హేలర్‌ అంటే భయపడే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. ‘అలవాటైపోతుంది’ అంటారు. కళ్లద్దాలు అలవాటైపోతాయని మానేస్తామా? ఉబ్బసానికి ఇన్‌హేలరే సరైన మందు. బడి సంచిలో అది ఉండాలి. ఎలా వాడాలో టీచర్‌కు తెలిసి ఉండాలి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

పిల్లాడు నిద్రలో ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం శ్వాసలు లెక్కపెట్టండి. ఏడాది నుంచి అయిదేళ్ల వారికి 40, అయిదేళ్లు దాటిన వారికి 30 మించితే డాక్టర్‌ దగ్గరికి వెళ్లాల్సిందే. ఊపిరి పీలుస్తుంటే పక్కటెముకల కింద గుంట పడటం, పెదవులు నీలంగా మారడం, లేపినా మత్తుగా ఉండటం, నీళ్లు కూడా తాగలేకపోవడం, ఫిట్స్‌ రావడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్‌ చేయండి. తగ్గిన జ్వరం రెండు రోజుల తర్వాత మళ్లీ ఎక్కువగా వస్తే అదీ ప్రమాద సూచనే. చాలాసార్లు న్యుమోనియా అలాగే మొదలవుతుంది.

టీకాల సంగతేమిటంటే, ఫ్లూ టీకా ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో లేదు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల పిల్లలకు ఏటా వేయించమని పిల్లల డాక్టర్ల సంఘం సలహా ఇస్తోంది. ఉబ్బసం, గుండె జబ్బు, మధుమేహం ఉన్న పెద్ద పిల్లలకూ అవసరమే. తొమ్మిదేళ్లలోపు వారికి మొదటి ఏడాది నెల ఎడంతో రెండు డోసులు వేస్తారు. వానలు మొదలయ్యే లోపు వేయిస్తే మేలు. పదేళ్లకు, పదహారేళ్లకు వేసే టీడీ టీకా మాత్రం ఉచితం. అది కంఠసర్పి నుంచి కాపాడుతుంది. ఆ జబ్బు పోయిందనుకోకండి, హైదరాబాద్‌ నల్లకుంట ఫీవర్‌ ఆస్పత్రికి ఈ శతాబ్దంలోనూ వస్తూనే ఉంది.

ఇక తిండి. ‘జ్వరమొచ్చింది, పెరుగు వద్దు, అరటిపండు వద్దు’ అని కడుపు మాడ్చకండి. పెరుగు జలుబు తేదు. మెత్తటి అన్నం, నెయ్యి చుక్కతో కందిపప్పు, ఉడికిన గుడ్డు, జామపండు... ఏది తింటానంటే అది కొద్దికొద్దిగా పెట్టండి. ఊళ్లో పండే కందిపప్పుకు మించిన టానిక్‌ ఏ సీసాలోనూ లేదు.

మూసేయడం చివరి మాట

2009 మేలో దేశంలో మొదటి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే. ఆ ఆగస్టు 3న పుణేలో 14 ఏళ్ల విద్యార్థిని చనిపోయింది. దేశంలో ఆ జబ్బుకు తొలి మరణం అది. అక్కడ బడులు మూశారు. ఇక కొవిడ్‌ కాలం మనకింకా గుర్తే. 2020 మార్చిలో మూతపడిన బడులు తెలంగాణలో 2021 ఫిబ్రవరిలో కొంత తెరుచుకుని, మార్చిలో మళ్లీ మూతపడి, సెప్టెంబరు 1న గానీ గాడిన పడలేదు. 2022 జనవరిలో మళ్లీ సెలవులు. ఫోన్‌ లేని పిల్లలు అక్షరాలే మర్చిపోయారు. మధ్యాహ్న భోజనం మీద ఆధారపడిన పిల్లలకు ఆ వేడి ముద్ద కూడా దూరమైంది.

2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ అనే పేరు టీవీల్లో మార్మోగగానే ‘మళ్లీ బడులు మూస్తారా?’ అని ఎందరో అడిగారు. ఆ వైరస్‌ను 2001లోనే నెదర్లాండ్స్‌లో గుర్తించారు. కొత్త భూతమేమీ కాదు. పేరు ఏదైనా శ్వాస ద్వారా పాకే జబ్బుకు మనం చేయాల్సింది ఒకటే. బడి మూయడం కాదు, కిటికీ తెరవడం. అందరినీ ఇంట్లో కూర్చోబెట్టడం కాదు, జ్వరమొచ్చిన ఒక్కరిని రెండు రోజులు ఇంట్లో ఉండనివ్వడం. సబ్బు, నీళ్లు ఉన్న కుళాయి దగ్గర ఇరవై సెకన్లు చేతులు కడిగించడం.

వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. రేపు సోమవారం పిల్లాడిని దింపడానికి వెళ్లినప్పుడు ఒక్కసారి తరగతి గదిలోకి తొంగిచూడండి. కిటికీలు తెరుచుకుంటున్నాయా, తుప్పుపట్టి బిగుసుకుపోయాయా? బిగుసుకుపోతే టీచరమ్మను నిందించకండి. చుక్క నూనె, ఒక సుత్తి తీసుకెళ్లండి. ఆ క్లాసులో చదివేది మీ పిల్లలే కదా!